మూడించుల ఫ్లోరు

రాష్ట్రంలో ఇంతవరకూ ఏ ప్రజానాయకుడూ దిగని లోతుకి తాను దిగబోతున్నాననీ, ఆ లోతు మిల్లీమీటర్లలో ఉంటుందనీ మంత్రి శోభనాద్రిగారు గుడివాడ సభలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. దేని లోతో అప్పటికింకా ఎవరికీ తెలీదు. మంత్రిగారికి కూడా చీటీ అప్పుడే అందింది.

చీటీలో ఉన్నది గుల్లలదిబ్బ సంగతి. దివిసీమ చివర, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. అక్కడ చేపలమ్ముకునే షెడ్డులో ఫ్లోరు ఉప్పునీళ్లకి పెచ్చులూడి బురదగుంటైంది. అందులో సత్యవతమ్మ అనే ఆవిడ తట్టతో సహా జారిపడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. అప్పట్నుంచీ ఆడవాళ్లంతా తట్టలు తీసుకెళ్లి రోడ్డు పక్కన కూర్చుంటున్నారు. ఓ ఉదయం ఇసుక లారీ ఒకటి సత్యవతమ్మ పండుగప్ప చేపల మీంచి వెళ్లిపోయింది. ఆవిడ మీంచి వెళ్లడానికి జానెడే తక్కువ. ఆ ఫొటో పేపర్లో పడింది. ఆ పేపరు చీటీతో పాటే అందింది. మంత్రిగారు పేపరు చూసి చలించిపోయారు. ఫొటోలో వెనక గోడ మీద తన పోస్టరు సగం చిరిగి ఉండటం చూసి ఇంకా చలించిపోయారు.

"చేపల వేట నిషేధం ముగిసేలోగా, పడవలు మళ్లీ సముద్రంలోకి దిగే రోజుకి, ఆ షెడ్డులో సరికొత్త ఫ్లోరు ఉంటుంది. దాని మందం ఎంతో శాస్త్రీయంగా తేలుస్తాం. ఇది నా మాట!" అన్నారు మంత్రిగారు.

మర్నాడే ఆ ప్రాంతపు ఇంజనీరు, ఏఈ కల్పన జీవానందం మేస్త్రిని షెడ్డు దగ్గరికి పిలిపించింది. జీవానందం గూడూరు నుంచి అవనిగడ్డ దాకా ముప్పై రెండేళ్లుగా ఫ్లోర్లు పోసినవాడు. ఇళ్లూ, బళ్లూ, రెండు చర్చిలూ, మూడు కల్యాణమండపాలూ. మాటలు తక్కువ. పాత ఫ్లోరు మీద సుత్తితో నాలుగుచోట్ల కొట్టాడు. చప్పుడు విన్నాడు. పెచ్చు ఒకటి పైకి తీసి వేళ్ల మధ్య నలిపితే పిండైంది.

"కింద కాంక్రీటు బెడ్డు గట్టిగా ఉంటే దానికే అతికించి పైన ఇంచిన్నర పోస్తే చాలునండీ. ఇది ఉప్పు తినేసింది, అతకదు. ప్లాస్టిక్ షీటు పరిచి, విడిగా మూడించులు పొయ్యాలి. ఐసు బళ్లు తిరుగుతాయి కదా, అంతకు తగ్గితే పగిలిపోద్ది. కాలవ వైపు వాలు పెట్టాలి. పది రోజులు తడి ఆరనివ్వకూడదు."

"అంతేనా?"

"అంతేనండీ."

కల్పన గడియారం చూసుకుంది. మొత్తం ఐదు నిమిషాలు. ఆవిడ దిగులంతా అక్కడే మొదలైంది.

దిగులుకి కారణం ఉంది. ఐదు నిమిషాల్లో, అదీ ఓ తాపీమేస్త్రి చెప్పిన సమాధానాన్ని మంత్రిగారి ముందు పెడితే ఆయన స్థాయికి అవమానం. మంత్రిగారు ఆ ఇబ్బందిని క్షణంలో గ్రహించి, పదకొండుమందితో ఉన్నతస్థాయి మందం కమిటీ వేశారు. గుడివాడ నుంచి బసవపున్నయ్యగారు, బందరు నుంచి వెంకటపతిగారు అందులో ముఖ్యులు. ఇద్దరిదీ మంత్రిగారి పార్టీయే. కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

కమిటీ బందరు గెస్టుహౌసులో సమావేశమైంది. జీవానందాన్ని సాంకేతిక సహాయానికని పిలిచి, తలుపు దగ్గర స్టూలు వేశారు.

"రెండించులు," అన్నారు బసవపున్నయ్యగారు. "గుడివాడలో మా మార్కెట్ యార్డుకి రెండే. దివిసీమకి అంతకన్నా ఎక్కువెందుకు? గుడివాడ తక్కువా?"

"నాలుగు," అన్నారు వెంకటపతిగారు. "సముద్రం మీకుందా, మాకుందా?"

"అయ్యా, మూడు..." అన్నాడు జీవానందం.

"నీ దగ్గరికి వస్తాం మేస్త్రీ, కూర్చో."

తర్వాత రకం మీద చర్చ జరిగింది. ఫ్లోర్లలో మూడు రకాలున్నాయని కల్పన వివరించింది. కింది బెడ్డుకి అతికేది, అతకకుండా విడిగా ఉండేది, మెత్తటి పలకల మీద తేలుతూ ఉండేది.

"తేలేదా?" బసవపున్నయ్యగారు ఉలిక్కిపడ్డారు. "ఉప్పెన చూసిన జనం అమ్మా! దివిసీమలో తేలడం అనే మాటే ఎత్తకూడదు. మినిట్స్‌లోంచి కొట్టెయ్యండి."

"అతకనిది కూడా వద్దు," అన్నారు వెంకటపతిగారు. "పైన ఉన్నవాళ్లు కిందవాళ్లతో అతకడం లేదని ప్రతిపక్షం ఇప్పటికే అంటోంది."

"అతికేది పోస్తే ఆర్నెల్లలో లేచిపోతుందండీ," అన్నాడు జీవానందం.

"ఆర్నెల్ల తర్వాత పంచాయతీ ఎన్నికలైపోతాయి కదా," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అన్నాక, ఏకాభిప్రాయం వచ్చినందుకు ఇద్దరూ సిగ్గుపడి విడివిడిగా వాకౌట్ చేశారు.

ఇలా ఐదు సమావేశాలు జరిగాయి. నిషేధం రోజులు కరిగిపోతున్నాయి. సత్యవతమ్మ కట్టు విప్పేశారు గానీ, ఆ చేత్తో బిందె కూడా ఎత్తలేకపోతోంది. చెరువు చేప తెప్పించుకుని రోడ్డు పక్కనే అమ్ముతూ, జీవానందం సైకిల్ మోటారు కనపడ్డప్పుడల్లా అడిగేది.

"ఏం మేస్త్రీ, ఎంతకొచ్చింది?"

"రెండుంబావు దగ్గరుందమ్మా."

చివరికి మంత్రిగారే కలగజేసుకున్నారు. రెండూ నాలుగూ కలిపి సగం చేశారు. మూడు వచ్చింది. అతకడమా మానడమా అన్నది ఫ్లోరు స్వేచ్ఛకి వదిలేశారు. ఆ అంకె కనిపెట్టిన రోజున మంత్రిగారి ముఖంలో కనిపించిన తేజస్సుని కల్పన ఇప్పటికీ తలుచుకుంటుంది. దానికి చారిత్రక మధ్యేమార్గం అని పేరు పెట్టారు.

నిషేధం ముగియడానికి పంతొమ్మిది రోజులున్నాయి. జీవానందం మారుమాట్లాడకుండా షీటు పరిచి, మనుషుల్ని పెట్టి పని మొదలుపెట్టాడు. ఆరో రోజుకి షెడ్డంతా అయింది. వాలు ఎంత సమంగా తీశాడంటే, ఓ మూల చెంబెడు నీళ్లు పోస్తే ఎక్కడా ఆగకుండా కాలవలోకి పోయాయి. గోనెపట్టాలు కప్పి, పది రోజులు పొద్దునా సాయంత్రం తనే వచ్చి తడిపాడు. పట్టాలు తీసిన రోజు సత్యవతమ్మ చెప్పులు బయట వదిలి లోపలికొచ్చింది. ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. ఓ చోట ఆగి, మడమతో గట్టిగా తొక్కి చూసింది.

"నేను ఇక్కడ కూర్చుంటా," అంది, పాదంతో గీత గీస్తున్నట్టు చూపించి.

జీవానందం వంగి, ఆవిడ చూపించిన చోటుని అరచేత్తో తుడిచాడు. ముప్పై రెండేళ్లలో పోసిన ఫ్లోరు మీద ఇలా చోటు చూసుకున్నవాళ్లని అతను చూడలేదు. సాధారణంగా ముందు సోఫాలొస్తాయి.

నిషేధం ముగియడానికి మూడు రోజులుండగా అనుమానాలు బయల్దేరాయి. లోపల నాలుగించులు పోశారని గుడివాడ వర్గం, రెండే పోశారని బందరు వర్గం. పారదర్శకతే తన ఊపిరి అని మంత్రిగారు మిషను తెప్పించి, ఫ్లోరులో గుండ్రంగా కోత కోయించారు. గ్లాసంత ముక్క ఒకటి బయటికొచ్చింది. కొలిస్తే సరిగ్గా మూడించులు. వెంకటపతిగారు తను చెప్పిన చోట కోయమన్నారు. మూడించులే. ఆరుచోట్ల కోశారు. ఆరూ మూడే.

మంత్రిగారు ఒక ముక్కని రెండు చేతుల్లోకీ తీసుకుని కళ్లకద్దుకున్నారు. ప్రభుత్వ పనిలో కాగితం మీదున్న కొలతా, నేల మీదున్న కొలతా ఒకటే కావడం ఆయన రాజకీయ జీవితంలో మొదటిసారి.

"ఇది మామూలు ముక్క కాదు. మన నిజాయితీ! దీన్ని జనానికి చూపించాలి," అన్నారు.

ఆరు ముక్కల్నీ రోల్డుగోల్డు నగలు చేసే చిలకలపూడి పంపి పూత పూయించారు. ధగధగా మెరిశాయి. ప్రారంభోత్సవానికొచ్చే ముఖ్య అతిథులు ఆరుగురికీ ఆరూ జ్ఞాపికలుగా ఇవ్వాలని నిర్ణయించారు. సాయంత్రానికి అతిథులు ఇరవై నలుగురయ్యారు. బసవపున్నయ్యగారు తన వర్గం నుంచి నలభై పేర్లిచ్చారు. వెంకటపతిగారు నలభై ఒకటి ఇచ్చారు. కమిటీ పదకొండుమంది పేర్లూ, మంత్రిగారి పేరూ ఎలాగూ ఉన్నాయి. మిషను షెడ్డులోనే ఉండిపోయింది.

జీవానందం పరుగెత్తుకొచ్చేసరికి కాలవ వైపు సగం జల్లెడలా ఉంది.

"మేడంగారూ, ఆపించండి. ఫ్లోరు అయిపోతోందండీ!"

కల్పన కళ్లల్లో నీళ్లున్నాయి. "ఇన్విటేషన్లు వెళ్లిపోయాయి మేస్త్రిగారూ. పేర్లు కార్డు వెనక అచ్చయ్యాయి. ఎవరిది తీసేయమంటారు?"

అతను కార్డు తీసుకుని చూశాడు. నూట పద్దెనిమిది పేర్లు. ఆఖరిది అతనిది.

పడవలు సముద్రంలోకి దిగిన రోజున ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. భద్రతా కారణాల వల్ల షెడ్డుకి తాడు కట్టి, రోడ్డు మీద స్టేజీ వేశారు. ఆడవాళ్లని తట్టలతో సహా ఇంకాస్త అవతలికి జరిపారు.

"విరోధులు అడిగారు, ఫ్లోరు ఎక్కడని," అన్నారు మంత్రిగారు, రోల్డుగోల్డు ముక్క పైకెత్తి. "ఇదిగో! మిల్లీమీటరు కూడా తగ్గలేదు!"

చప్పట్లు ఆగలేదు. అతిథులందరూ ఒక్కొక్కరుగా వచ్చి, శాలువా కప్పించుకుని, ముక్క పట్టుకుని, ఫొటో దిగి కార్లెక్కారు. ఆఖర్న జీవానందాన్ని కూడా పిలిచారు. నమస్కారం పెట్టడానికి చేతులు ఖాళీ లేక తల వంచి దిగొచ్చాడు.

మర్నాడు తెల్లారాక మొదటి పడవ చేప వచ్చింది. తాడు అలాగే ఉంది. జీవానందం దాని కింద నుంచి దూరి లోపలికెళ్లాడు. వెనకే సత్యవతమ్మ వచ్చింది. తను చూసుకున్న చోట మూడు కన్నాలున్నాయి. చుట్టూ తిరిగింది గానీ కూర్చోలేదు.

జీవానందం సంచిలోంచి జ్ఞాపిక తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్నంలో పెట్టాడు. అంచుల్లో కాస్త వదులుగా ఉన్నా, పైకి ఎత్తుగా గానీ లోతుగా గానీ లేదు. అరచేత్తో తడిమితే నున్నగా కలిసిపోయింది. చుట్టూ బూడిదరంగు, మధ్యలో బంగారం.

సత్యవతమ్మ దాని మీద కాలు పెట్టి చూసింది. కదల్లేదు.

"మిగిలినవి ఎవరెవరి ఇళ్లల్లో ఉన్నాయి మేస్త్రీ?" అంది.

జీవానందం జేబులోంచి ఇన్విటేషన్ కార్డు తీశాడు. వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి చదవడం మొదలుపెట్టాడు.