ఓవెన్‌లో వేడి దొంగ

నా బేకరీ పరువు పిండిలో కలిపినవాడు ఒక్కడే. వాడి పేరు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. భూతద్దం. అసలు పేరు వేరే ఉంది కానీ, దాన్ని వాడి అక్క కూడా మర్చిపోయింది. ఆ అక్కే నా భార్య. అందుకే వాణ్ణి మెడపట్టి బయటికి గెంటే అదృష్టం నాకు లేదు.

ఆ సోమవారం నేను షటరు ఎత్తీ ఎత్తకముందే వాడు వంగి లోపలికి దూరాడు. బల్ల మీద చెయ్యి ఆనించి ప్రకటించాడు.

"బావా! నేరస్థుల్ని వణికించే మెదళ్ళు ఈ ప్రపంచంలో మూడే మూడు. ఒకటి చచ్చిపోయింది. ఒకటి రిటైరైంది. మూడోది నీ ఎదురుగా నిలబడి ఉంది."

"ముందు చెయ్యి తియ్యి. అక్కడ వెన్న ఉంది."

తీసి, చొక్కాకి తుడుచుకున్నాడు. "వెన్న. మెత్తటి పదార్థం. గమనించాను."

వాణ్ణి పిలిపించింది మా ఆవిడ. నా పాత ఓవెన్ కాలిపోతే, ఏదో దేశం నుంచి ఓడెక్కి వచ్చిందంటూ ఒకడు నాకు సెకండ్ హ్యాండ్ ఓవెన్ అంటగట్టాడు. దాని వేడి పెంచే గుండ్రటి తిప్పుడు బటన్ చుట్టూ అంకెలు ఐదు వందల దాకా ఉన్నాయి. పక్కన ఇంగ్లీషులో ఎఫ్ అని ఉంటే, ఏమిటని అడిగాను. "ఫస్ట్ క్లాస్ అని అర్థం సార్," అన్నాడు. నమ్మాను. నేను ఆరో తరగతిలోనే బడి మానేసి ఓవెన్ ముందు నిలబడ్డవాణ్ణి. మా మేస్త్రీ నాకు నేర్పింది ఒక్కటే పాఠం, కేకుకి నూట ఎనభై. ఆ పాఠం మీదే ఇన్నేళ్ళు బతికాను. కొత్త ఓవెన్‌లోనూ నూట ఎనభై పెట్టాను. గంట తర్వాత తీసి చూస్తే లోపల పచ్చి పిండి. రెండు గంటలు ఉంచితే ఎండిన పచ్చి పిండి. మెకానిక్ వచ్చి చూసి, ఓవెన్‌కి ఏ రోగమూ లేదని తేల్చి, నా దగ్గర ఫీజు తీసుకుని వెళ్ళాడు.

అదే వారం శుక్రవారానికి బట్టల మిల్లు వాళ్ళ వార్షికోత్సవానికి కప్ కేకులు ఇవ్వాలి. మొత్తం ఇరవై నాలుగు వేల రూపాయల ఆర్డరు. అది పోతే షాపు అద్దె కట్టలేను. అద్దె కట్టకపోతే షటరుకి ఓనరు తాళం పడుతుంది.

భూతద్దం ఓవెన్‌లో తల పెట్టి వాసన చూసి, బయటికి తీశాడు.

"బావా, ఇది మామూలు కేసు కాదు. నీ ఓవెన్‌లో వేడిని ఎవడో దొంగిలిస్తున్నాడు."

"వేడిని ఎలా దొంగిలిస్తార్రా? సంచిలో వేసుకుపోతారా?"

"అదే వాడి తెలివి!"

మా ఆవిడ కళ్ళు మెరిశాయి. "చూశారా? మావాడు రాగానే దారి దొరికింది."

దారి కాదు, వాడికి దొరికింది ఒక మనిషి. మిల్లులో కొత్త మెషీన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు మా షాపు పై వాటాలో దిగాడు. తాటిచెట్టంత పొడుగు. మన భాషని పుస్తకం చూసి నేర్చుకున్నాడు. రోజూ టీకి వచ్చేవాడు, కేకు కొరికేవాడు, మొహం చిట్లించి పళ్ళెం పక్కకి నెట్టేవాడు. బిల్లు డబ్బులు ఎప్పుడూ నా చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పళ్ళెం కింద పెట్టి, నవ్వి వెళ్ళిపోయేవాడు.

"చేతికెందుకివ్వడు?" భూతద్దం నా చెవిలో ఊదాడు. "వేలిముద్రలు బావా! వేలిముద్రలు!"

"నోటు మీద పడవా?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "నువ్వు బేకరీ చూసుకో."

మంగళవారం ఇంజనీరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఈ దినము తొంబది ఐదు," అన్నాడు నాతో, ఏదో దుఃఖవార్త చెబుతున్నట్టు. బుధవారం, "ఈ దినము తొంబది ఎనిమిది."

"కౌంట్‌డౌన్!" అన్నాడు భూతద్దం.

"కౌంట్‌డౌన్ అయితే తగ్గాలి కదరా?"

"విదేశీవాడు కదా, ఎక్కిస్తాడు. నూరు దగ్గర ఏదో పేలుతుంది."

గురువారం ఇంజనీరు కేకు కొరికి, ఓవెన్ వైపు వేలు చూపించాడు. "అయ్యా, నేను మూడు వందల యాభై కోరుచున్నాను." నేను నోరు తెరిచేలోగా అతనికి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"విన్నావా?" భూతద్దం నా చొక్కా పట్టుకుని లాగాడు. "ఓవెన్‌ని బందీగా పట్టుకుని డబ్బు అడుగుతున్నాడు."

నిజం చెప్పాలంటే, మూడు వందల యాభైకి నా వేడి నాకు తిరిగొస్తుందంటే అప్పుడే ఇచ్చేసేవాణ్ణి.

శుక్రవారం ఉదయం. సాయంత్రానికి కేకులు వెళ్ళాలి. మొదటి వాయి ఓవెన్‌లో పెట్టి, అలవాటు ప్రకారం నూట ఎనభై తిప్పి, చేతులు జోడించాను. భూతద్దం మైదా బస్తాల వెనక నక్కాడు. తుమ్ము ఆపుకుంటూ ముక్కు పట్టుకుని కూర్చున్నాడు.

ఇంజనీరు వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. రుమాలు పిండుకుంటూ, "అయ్యా, ఈ దినము నూరు!" అన్నాడు.

"బావా, పడుకో! పేలుతుంది!"

బస్తా వెనక నుంచి తెల్లటి భూతం లేచింది. ఒక కాలు బస్తాలో ఇరుక్కుంది. రెండో కాలు గాల్లోకి వెళ్ళింది. పడుతూ పడుతూ ఏదైనా దొరుకుతుందేమోనని చెయ్యి చాచి, ఓవెన్ బటన్ పట్టుకుని, దాన్ని గిర్రున తిప్పి, నేల మీద వెల్లకిలా పడ్డాడు. నేను బల్ల కింద దూరాను. మా ఆవిడ లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చి, తమ్ముడి మీద పడింది.

ఇంజనీరు మా ముగ్గుర్నీ చూశాడు. తర్వాత ఎంతో మర్యాదగా తనూ మా పక్కన పడుకున్నాడు.

"ఎండకు నేలపై శయనించుట," అన్నాడు, "మంచి ఆచారము."

ఏమీ పేలలేదు. భూతద్దం ముందుగా లేచి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కేకు డబ్బాలకి కట్టే రిబ్బన్‌తో చేతులు కట్టాడు. గులాబీ రంగు రిబ్బన్.

"ఒప్పుకో! మూడు వందల యాభై ఎవరికి?"

"పొయ్యికి."

"పొయ్యికి డబ్బెందుకు?"

"డబ్బు కాదు. వేడి."

"అంటే నువ్వే దొంగిలించావ్!"

"మా అమ్మ కేకుకు అంతియే పెట్టును."

"మీ అమ్మని కూడా ఇందులోకి లాగకు! డబ్బు చేతికెందుకివ్వవు?"

"మా ఊరి హోటళ్ళలో బల్లపైనే విడిచిపెట్టెదము."

"ముఠా!" అన్నాడు భూతద్దం నావైపు తిరిగి. "ఊరు ఊరంతా ముఠా బావా!"

ఈ గొడవ అలా ఎంతసేపు సాగిందో గానీ, మధ్యలో మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఏమండీ, వాసన." వెళ్ళి ఓవెన్ తలుపు తీసింది. లోపల కప్ కేకులు పొంగి, తేనెరంగులో నిలబడి ఉన్నాయి. నేను బటన్ వైపు చూశాను. గుర్తు మూడు వందల యాభై మీద ఆగి ఉంది.

ఇంజనీరు కట్టిన చేతులతోనే ఎఫ్ అక్షరం చూపించాడు. వాళ్ళ దేశంలో వేడిని కొలిచే కొలత వేరట, దాని పేరు ఫారెన్‌హీట్ అట. మన నూట ఎనభై, వాళ్ళ మూడు వందల యాభై దాదాపు ఒక్కటేనట. నేను పెట్టిన నూట ఎనభైతో టీ నీళ్ళు కూడా మరగవట. రోజూ అతను చెప్పిన అంకె అదే కొలతలో ఆ రోజు ఎండట.

"ఎఫ్ అంటే ఫారిన్ అని నేను మొదటిరోజే చెప్పబోయాను," అన్నాడు భూతద్దం, మైదా దులుపుకుంటూ. "కేసు క్లోజ్."

సాయంత్రానికి వాయి మీద వాయి దించి, డబ్బాలు కట్టి, మిల్లుకి పంపాం. మిల్లు క్యాషియర్ ఇరవై నాలుగు వేలూ నోట్ల కట్టగా పంపించాడు. గల్లాపెట్టెలో పెట్టాను. చాలా రోజుల తర్వాత నాకు నిండుగా ఊపిరాడింది.

ఇంజనీరు రెండు కేకులు తిని, బిల్లు కన్నా ఎక్కువే బల్ల మీద పెట్టి లేచాడు. మా ఆవిడ వెంటపడింది.

"బాబూ, ఎక్కువిచ్చారు!"

"అది మీకే అమ్మా. పని బాగుగా చేసినవారికి మా దేశములో నూటికి పదిహేను అదనముగా ఇచ్చెదము."

"మరి ఇన్నాళ్ళూ పెట్టలేదే?"

"ఇన్నాళ్ళూ పిండి తినితిని."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ వెనక్కి తిరిగి ఉండాల్సింది కాదు. భూతద్దం నా క్యాలిక్యులేటర్ నొక్కుతున్నాడు.

"అక్కా, ఆ బటన్ తిప్పింది ఎవరే?"

"నువ్వే కదరా."

"తిప్పడం కాదు, పడ్డాడు!" అన్నాను.

"మీరు ఊరుకోండి. వాడికి నడుం పట్టేసింది, పాపం. పరాయి దేశపువాడికి ఉన్నపాటి మర్యాద మనకి లేదా?"

నేను గల్లాపెట్టె దగ్గరికి చేరేసరికి ఆవిడ చెయ్యి అప్పటికే లోపల ఉంది. నూటికి పదిహేను చొప్పున, ఇరవై నాలుగు వేల మీద, నా కళ్ళ ముందే లెక్కపెట్టి తమ్ముడి చేతికి ఇచ్చింది. మూడు వేల ఆరు వందలు.