గవర్నరు తలుపు పీకిన హీరోకు కమిటీ సవరణలు

మానవజాతి ఊహించిన శక్తులన్నిటిలోకీ గొప్పది గాల్లో ఎగరడం కాదు, రైలింజన్ను ఒంటిచేత్తో ఆపడమూ కాదు. "ఫైలు పెట్టి వెళ్ళండి, చూద్దాం" అనగలగడం. ఎగిరినవాడు ఎప్పుడో ఒకప్పుడు కిందికి దిగాలి. ఫైలుకు ఆ అవసరం లేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. నా పేరు రాఘవేంద్ర, మాది ఆదోని, తార్నాకలో ఇరవై రెండేళ్ళుగా థీసిస్‌లు బైండింగ్ చేస్తున్నాను. పక్కనున్న విశ్వవిద్యాలయం పేరు చెప్పను (చెప్పాలంటే ఏడో నంబరు ఫారం మూడు ప్రతుల్లో నింపాలి). నా చేతుల మీదుగా వేల థీసిస్‌లకు నల్ల రెగ్జిను అట్టలు, బంగారు అక్షరాలు పడ్డాయి. ఒక్కటీ చదవలేదు. ఈ విషయంలో నాకూ గైడ్లకూ తేడా లేదు. నేను చదివింది నవత థీసిస్ ఒక్కటే. అది కూడా ఆ అమ్మాయి నా దుకాణంలో కూర్చుని తీసేసిన పేజీలు మాత్రమే.

నవతది జనగామ దగ్గర పల్లె, సీతాఫల్‌మండిలో అద్దె గది. పరిశోధనాంశం, అమెరికాలో సూపర్‌హీరో కామిక్ పుస్తకాల తొలి చరిత్ర. అంశం ఆమోదం పొందడానికే ఏడాదిన్నర పట్టింది. ఇవి బొమ్మలు కదా అని చరిత్ర శాఖవారు ఫైలును లలిత కళల శాఖకు పంపారు. అక్కడివారు బొమ్మలో కండలు చూసి వ్యాయామ విద్యా శాఖకు పంపారు. ప్యాంటు మీద చెడ్డీ వేసుకోవడం క్రీడా నిబంధనలకు విరుద్ధమని రాసి వారు వెనక్కి పంపారు (ఆ ఫైలులో విషయం తెలిసి రాసిన మాట అదొక్కటే).

రెండో అధ్యాయంలో నవత చెప్పింది ఇదీ. ఇవాళ గ్రహాలను కాపాడుతూ తిరిగే హీరోలు పుట్టిన కొత్తలో గ్రహాల జోలికి పోలేదు. 1938లో వచ్చిన మొదటివాడు తొలి కథలోనే, నిర్దోషికి పడిన మరణశిక్ష ఆపించడానికి గవర్నరు ఇంటి ఇనప తలుపు పీకేశాడు. ఆ తర్వాత కార్మికుల ప్రాణాలంటే లెక్కలేని ఒక గని యజమానికి, ఆ గనిలోనే బుద్ధి చెప్పాడు. వాణ్ణి కల్పించింది వలస కుటుంబాల కుర్రాళ్ళు ఇద్దరు. దేశమంతా పనుల్లేక అల్లాడుతున్న రోజులవి. వాళ్ళ శత్రువులు ఆకాశంలో లేరు, ఆఫీసుల్లో ఉన్నారు.

"ఇదే ఎందుకు ఎంచుకుంటివమ్మా?" అని ఒకసారి అడిగాను.

"మా నాయిన భూమి పాస్‌బుక్ కోసం ఆఫీసు సుట్టు నాలుగేండ్లు తిరిగిండన్నా. తలుపు పీకేటోడు ఒక్కడుంటే బాగుండు అని చిన్నప్పటి సంది అనుకునేదాన్ని. ఒకడు ఉండె అని లైబ్రరీల తెలిసింది."

నాలుగో అధ్యాయం 1954 గురించి. కామిక్స్ చదివి పిల్లలు చెడిపోతున్నారని గోల పుట్టి, ప్రచురణకర్తలు బెదిరిపోయి, తమకు తామే ఒక నియమావళి తగిలించుకున్నారు. అధికారుల మీద గౌరవం తగ్గించే బొమ్మ ఉండకూడదు. ప్రతి కథలోనూ మంచే గెలవాలి. అలా ఉన్న పుస్తకానికి అట్ట మీద ఆమోద ముద్ర. ముద్ర లేని పుస్తకాన్ని అంగళ్ళవాళ్ళు ముట్టుకోరు. దానితో ఎన్నో పత్రికలు మూతపడ్డాయి. ఇది ఎంత అన్యాయమో నవత నలభై పేజీల్లో రాసింది.

గైడు శశిభూషణ్ గారు మామూలుగా చివరి పేజీ మాత్రమే తెరుస్తారు, సంతకం అక్కడే కాబట్టి. దురదృష్టవశాత్తూ ఆ రోజు శాఖలో వైఫై లేదు. ఆయన నాలుగో అధ్యాయంలో ఆ రూల్స్ ఉన్న మొదటి ఆరు పేజీలు చదివారు. ఏడో పేజీకి వైఫై వచ్చింది.

మరుసటి వారమే పరిశోధనా కమిటీ సమావేశమై 'సిద్ధాంత గ్రంథ శీల నియమావళి'ని ఏకగ్రీవంగా ఆమోదించింది. అధికారులను, ఆచార్యులను (విదేశీయులు, దివంగతులతో సహా) గౌరవం తగ్గేలా చూపరాదు. ప్రతి అధ్యాయం చివర మంచి గెలవాలి. శీర్షికలో భయం పుట్టించే మాటలు వాడరాదు. పాముల విషం మీద పనిచేస్తున్న జంతుశాస్త్ర విద్యార్థి దాన్ని 'పాము ద్రవం'గా మార్చుకున్నాడు. నిరుద్యోగం మీద రాస్తున్న ఆర్థికశాస్త్రపు పిల్లవాడు 212వ పేజీలో అందరికీ ఉద్యోగాలిచ్చేశాడు (తనకు తప్ప). థీసిస్ అట్ట మీద వేసే ఆమోద ముద్ర తయారు చేసే పని నాకే వచ్చింది. అబద్ధమెందుకు, సంతోషించాను.

నవత పరుగెత్తుకెళ్ళింది. "సార్, ఆ రూల్స్ తప్పు అని రాసిన సార్. కింద నలభై పేజీలు అదే ఉన్నది."

"అంత లోపలికి పోయే టైమ్ ఎక్కడిదమ్మా?" అన్నారు శశిభూషణ్ గారు. "రూల్స్ మాత్రం ఫస్ట్ క్లాస్. నీ కాంట్రిబ్యూషన్ అని మినిట్స్‌లో రాయించాను."

నియమావళిని మొట్టమొదట ఎవరి థీసిస్‌కు వర్తింపజేయాలన్న దాని మీద చర్చే జరగలేదు. నవతకు గడువు ముప్పయ్యో తేదీ. ఆ లోగా సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళ చదువు గంగలో కలుస్తుంది. పరిశీలన బాధ్యత సెక్షన్ సూపరింటెండెంట్ కమలాకర్‌ది. ముద్ర నమూనా చూపించడానికి నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"ఈయన గవర్నర్ ఇంటి తలుపు పీకిండా?" అన్నాడు కమలాకర్ పేజీ మీద వేలు పెట్టి.

"పీకిండు సార్."

"పర్మిషన్ ఉండెనా?"

"టైమ్ లేకుండె సార్. పొద్దుగాల్లనే శిక్ష అమలు."

"అర్జెంట్ అయితే అర్జెంట్ అని దరఖాస్తు మీద రాయాలె. గిట్ల అందరు తలుపులు పీకితే ఆఫీసులు ఎట్ల నడుస్తయమ్మా?" అని కమలాకర్ నిజంగానే బాధపడ్డాడు. "గవర్నర్‌ను తీసెయ్. తలుపు ఉంచు. కానీ ముందే తెరిచి ఉండాలె."

ఇరవై ఎనిమిదో తేదీన నవత నా కంప్యూటర్ పక్కన కూర్చుంది. ఆమె చదువుతుంటే నేను దిద్దుతూ పోయాను.

"గని యజమాని బదులు ఏం పెడదామన్నా?"

"యజమానిని తీసేసి గని ఉంచమ్మా. గనికి మర్యాద తక్కువైందని ఎవరూ అర్జీ పెట్టరులే."

సవరించిన ప్రతి ఇలా తేలింది. హీరో గనిలోకి వెళ్ళాడు, గాలీ వెలుతురూ సంతృప్తికరంగా ఉన్నాయి, తిరిగి వచ్చాడు. గవర్నరు ఇంటి ముందు తెరిచి ఉన్న తలుపును చూసి ఆనందించాడు. నిర్దోషి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగో అధ్యాయంలో నలభై పేజీల అన్యాయం పోయి ఆరు పేజీల రూల్స్ మిగిలాయి. నవత ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో రాయను, నియమావళి ఒప్పుకోదు. అంత మంటలోనూ ఐదు ప్రతులు బైండు చేసి, అట్టకు కుడివైపు పైన ముద్ర నేనే నొక్కాను. ఇరవై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం సెక్షన్లో రసీదు ఇచ్చారు.

ఐదు నెలలకు వైవా జరిగింది. బయటి విశ్వవిద్యాలయం నుంచి వైదేహి గారనే ప్రొఫెసర్ పరీక్షకురాలిగా వచ్చారు. ఆమెకు మన పద్ధతులు తెలియక థీసిస్ మొత్తం చదువుకుని వచ్చారు. బహిరంగ వైవా కాబట్టి నేనూ వెనక వరుసలో కూర్చున్నాను. ఆచారం ప్రకారం సమోసాలకు డబ్బు నవతే కట్టింది.

వైదేహి గారు కళ్ళద్దాలు సర్దుకుని అడిగారు. "అమ్మాయ్, ఒక్క సందేహం. నీ హీరో ఎగురుతాడు, తుపాకీ గుళ్ళు తగలవు, కొండలెత్తుతాడు. రెండు వందల పేజీల్లో ఒక్కరితో కూడా పోట్లాడలేదు. మరి ఇంత బలం దేనికి? ఇతనికి శత్రువులే లేరా?"

శశిభూషణ్ గారు ఫ్యాను వంక చూశారు. నవత ముందున్న ప్రతిని మొదటి పేజీ దగ్గర తెరిచింది. అక్కడ ధ్రువీకరణ పత్రం, దాని కింద గైడు, కమిటీ సభ్యులు, సూపరింటెండెంట్, అందరి సంతకాలూ ఉన్నాయి. ఆరేళ్ళ కష్టం ఆ ఒక్క జవాబు మీద ఉంది.

"ఉన్నరు మేడమ్," అంది నవత నెమ్మదిగా, ఆ పేజీని ఆమె వైపు తిప్పుతూ. "ఇవి వాళ్ళ సంతకాలే."

వైదేహి గారు ఆ సంతకాలను వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. సరిగ్గా అప్పుడే వేడి సమోసాలు రావడంతో కమిటీ అటు తిరిగింది. కమలాకర్ మాత్రం సమోసా ముట్టకుండా, వినబడినంత మేరకు మినిట్స్ రాశాడు: "శత్రువుల గురించి పరీక్షకురాలు అడిగిన ప్రశ్నకు అభ్యర్థి సంతకాలు చూపినది. సరిచూడడమైనది. అందరివీ ఉన్నవి. డాక్టరేట్‌కు సిఫారసు చేయడమైనది."