చక్రాలకు పునాది

వంక లేని వస్తువు ఆ వీధిలో ఒక్కటీ లేదన్న సంగతి అధికారికంగా ఖాయమై చాలా ఏళ్లయింది. ఖాయం చేసినవారు భవనాల తనిఖీ శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, ఉద్యోగం నుంచి విరమించినా పని నుంచి విరమించని ఒక పెద్దమనిషి. జనం ఆయన్ని ప్రేమగా వంకలాయన అని పిలుచుకునేవారు. ఆ ప్రేమ పిలుపులో ఉండేది కాదు, ఆయనకు వినపడకుండా పిలవడంలో ఉండేది.

సర్వీసు మొత్తంలో ఆయన ఒక్క ఇటుక పేర్చిన పాపాన పోలేదు. అది ఆయన పని కాదు. పేర్చినవాడి పక్కన నిలబడి, జేబులోంచి రసమట్టం తీసి, గోడ మీద పెట్టి, అందులో గాలిబుడగ ఎటు జరిగిందో చూసి "ఊఁ" అనడం ఆయన పని. ఆ "ఊఁ" దెబ్బకి కూలిన గోడలు లెక్కలేనన్ని. ఎదురింటి దర్జీ అయితే తన బాల్కనీని ఎన్నిసార్లు కట్టి కూల్చాడంటే, చివరికి కట్టే కూలీలూ కూల్చే కూలీలూ ఒకే పూట వచ్చేసి, ఒకరి టీ ఒకరు తాగేవారు.

రిటైరయ్యాక రసమట్టం ఇంట్లోకి వచ్చింది. టీ పళ్లెం మీద పెట్టారు, పరుపు మీద పెట్టారు, గోడకున్న పెళ్లి ఫొటో మీద పెట్టారు. ఒక మధ్యాహ్నం కునుకు తీస్తున్న భార్య భుజం మీద కూడా పెట్టి చూశారు. బుడగ ఎడమకు జరిగింది. ఈ విషయం ఆవిడకు తెలియడం అవసరమనిపించి, లేపి మరీ చెప్పారు.

ఆవిడ లేచి కూర్చుంది. ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగని మనిషి కావడంవల్ల గొంతు సరిచేసుకోవడానికి కొంచెం టైం పట్టింది.

"ఏమండీ, బుద్ధెరిగిన దగ్గర్నుంచి మీ చేత్తో ఒక్కటంటే ఒక్కటి కట్టారా?"

"కట్టడం వేరు, చూడటం వేరు."

"అయితే ఈసారి మీరు కట్టండి, మేం చూస్తాం. కట్టింది పనికొచ్చిందనుకోండి, జన్మంతా వంకలు పెట్టుకోండి, కిక్కురుమంటే ఒట్టు. పనికి రాలేదనుకోండి, ఇక నోరెత్తకూడదు. పెట్టింది తినాలి, ఇచ్చింది తాగాలి. దర్జీ బాల్కనీ వైపు చూసి మూలగనైనా మూలగకూడదు."

ఇన్‌స్పెక్టరుగారి ముఖం పాలిపోయింది. పెన్షన్ పణంగా పెట్టమంటే ఆలోచించేవారు కాదు. ఇక్కడ పణం వంక పెట్టే హక్కు. అది లేకపోతే ఉదయం లేచి చేసే పనేమిటి? కానీ అప్పటికే పక్క కుర్చీలో కూర్చుని మిక్స్చర్ నములుతున్న బావమరిది ఈ ఒప్పందానికి సాక్షి అయిపోయి, కట్టవలసిన వస్తువు కూడా తనే ఎంపిక చేసేశాడు. ఫోనులో వీడియో చూపించాడు. కారు వెనక తగిలించుకునే బుల్లి పడకగది. ముందు గుండ్రంగా, వెనక సన్నంగా, పక్కకి పడుకోబెట్టిన నీటిబొట్టులా ఉంది. లోపల ఇద్దరు పడుకోవచ్చు. వెనక మూత ఎత్తితే పొయ్యీ గిన్నెలూ.

"ప్లైవుడ్డు, గుప్పెడు మేకులు, పాత ఇరుసు ఒకటి. చిన్నపిల్లలు కూడా కట్టేస్తున్నారు బావా. కట్టెయ్, నా కారుకి తగిలించి ఊరి బయట సరస్సు దాకా లాక్కెళ్లి తీసుకొద్దాం. వెళ్లొచ్చిందా, నువ్వు గెలిచినట్టు."

చిన్నపిల్లలు అన్న మాట దగ్గర ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే ఇంటి ముందు జాగాలో పని మొదలైంది.

ఆయన దగ్గర చేతిపని లేకపోయినా చట్టం ఉంది. నిబంధనలన్నీ నాలుక చివర ఉన్నాయి. నివాసయోగ్యమైన గదికి నాలుగు వైపులా ఖాళీ స్థలం వదలాలి కనుక, లోపల మంచానికి నాలుగు వైపులా జానెడు జాగా వదిలారు. పోగా మిగిలింది ఒక మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగపట్టి పడుకునేంత. రెండో మనిషి విషయం తదుపరి ఉత్తర్వుల దాకా వాయిదా పడింది. నీరు నిలవకుండా నేల వాలుగా ఉండాలి కనుక తలుపు వైపు వాలుగా వేశారు. దీనివల్ల పడుకున్నవాడు కాసేపటికి దొర్లుకుంటూ వెళ్లి తలుపుకి కొట్టుకుంటాడు. ప్రమాద సమయంలో ద్వారానికి దగ్గరగా ఉండటం క్షేమమని ఆయన దాన్ని భద్రతా ఏర్పాటు కింద చూపించారు. వెంటిలేటరు మనిషి తలకంటే ఎత్తులో ఉండాలి. బండేమో మనిషి ఛాతీ వరకే ఉంది. చట్టాన్ని వంచడం ఆయన వల్ల కాదు కనుక, బండి నెత్తిన ఒక గొట్టం నిలబెట్టి దాని కొసన వెంటిలేటరు బిగించారు. దూరం నుంచి చూస్తే నీటిబొట్టు చుట్ట తాగుతున్నట్టుండేది.

అసలు చిక్కు మూలల దగ్గర వచ్చింది. మూలమట్టం పట్టుకుని బండి చుట్టూ తిరిగారు, లోపల పాకారు. ఒక్క మూల కూడా దొరకలేదు. గుండ్రటి వస్తువుకి మూల ఉండదన్న సంగతి నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. ఆయన తనకు తానే నోటీసు ఇచ్చుకున్నారు, తానే సంజాయిషీ రాసుకున్నారు, సంతృప్తికరంగా లేదని తానే తిరస్కరించారు. న్యాయం ముందు అందరూ సమానమే అని ఆ సాయంత్రం భార్యకి చెప్పారు. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ సమానమే అంది.

చివరికి ఇరుసు బిగించి, చక్రాలు తొడిగి, అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించి ఒక తోపు తోశారు.

బండి కదిలింది.

ఆయన సర్వీసులో చెయ్యి వేస్తే కదిలిన కట్టడం ఏదైనా ఉంటే అక్కడికక్కడే కూల్చమని రాసిన మనిషి. తన కట్టడమే కదలడం ఏమిటి? లోకం ఏమనుకుంటుంది? అంతే, చీకటి పడేలోగా రెండు గుంటలు తవ్వి, చక్రాలు వాటిలోకి దింపి, సగం దాకా కాంక్రీటు పోసి, పైన అందంగా టైల్స్ పరిచి, తడి గోనెసంచులు కప్పేశారు. లాగడం మాటా? కారులో అన్ని గుర్రాల బలం ఉంటుందంటారు. అన్ని గుర్రాలు ఏకమైతే ఆ మాత్రం పునాది ఒక లెక్కా అని ఆయన నమ్మకం.

"గోనెసంచులెందుకండీ, రోజూ నీళ్లు పోస్తున్నారు?" అని భార్య అడిగింది.

"క్యూరింగు."

"బండికా?"

"కట్టుబడికి."

ఆయనతో కాపురం చేసిన అనుభవం ఉన్న మనిషి కనుక ఆవిడ మూడో ప్రశ్న వెయ్యలేదు.

ప్రయాణం రోజున వీధంతా ఇంటి గేటు దగ్గర చేరింది. కూలిన గోడల యజమానులందరూ ఉతికిన బట్టలు వేసుకుని వచ్చారు. బావమరిది కారు వెనక్కి తెచ్చి, కొక్కెం బంపరుకి తగిలించాడు. ముందున్న రోడ్డు తప్ప వెనకేం జరుగుతోందో చూసే అలవాటు అతనికి లేదు. అతని వ్యాపారాలు కూడా అలాగే నడిచేవి. భార్య కారు ముందు సీట్లో కూర్చుంది. నివాసయోగ్యమని ధ్రువీకరించాలంటే అధికారి స్వయంగా లోపల ఉండాలి కనుక ఇన్‌స్పెక్టరుగారు బండిలో ప్రయాణిస్తున్నారు. ఎక్కే ముందు ఉపన్యసించారు.

"పౌరులారా. ఒక నిర్మాణం ఎంత దూరం వెళ్లిందన్నది ముఖ్యం కాదు. ఎంత దృఢంగా వెళ్లిందన్నది ముఖ్యం. మీరు కట్టినవన్నీ నేను చూశాను. నేను కట్టింది మీరు ఈనాడు చూస్తున్నారు. తేడా మీకే తెలుస్తుంది. సెలవు."

చప్పట్లు మోగాయి. ఆయన లోపలికి దూరి తలుపు వేసుకున్నారు. రేడియో హోరులో బావమరిది గట్టిగా యాక్సిలరేటరు తొక్కాడు. టప్పుమని ఒక చప్పుడైంది. బంపరు బండి దగ్గర ఉండిపోయింది, కారు సరస్సుకి వెళ్లిపోయింది.

వెంటిలేటరు గొట్టంలోంచి ఇన్‌స్పెక్టరుగారి గొంతు వినిపించింది. "ఆహా. కదిలింది."

ఎవరో నోరు తెరవబోతే దర్జీ వేలు పెదవులకు అడ్డం పెట్టాడు. ఇన్నేళ్ల ఇరుగుపొరుగు, పాపం పెద్దాయన ఇంత ముచ్చటపడితే ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా? వెళ్లి బండికి రెండు చేతులూ ఆనించి ఊపాడు. చక్రాలు కాంక్రీటులో ఉన్నా పైన స్ప్రింగులు ఉన్నాయి కదా, బండి హాయిగా ఊగింది. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన గొట్టం దగ్గరికి వెళ్లి, పాత వైభవం పొంగుకొచ్చి "రైట్ రైట్" అన్నాడు. కాసేపాగి "ఆసుపత్రి, ఆసుపత్రి దిగేవాళ్లు ముందుకు రండి" అన్నాడు. ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. ఒక ఇల్లాలు చెంబుతో నీళ్లు చల్లి చిరుజల్లు కురిపించింది.

"ఈ రోడ్డు వేసినవాణ్ని సస్పెండు చెయ్యాలి" అంది గొట్టం.

దర్జీకి ఉత్సాహం వచ్చి ఇంకాస్త గట్టిగా ఊపాడు. అలిసినవాళ్లు పక్కకి తప్పుకుంటే కొత్తవాళ్లు వచ్చారు. భోజనాల వేళ దాకా ఇలా ప్రయాణం సాగింది. ఇక చేతులు పీకి అందరూ వదిలేశారు.

"వచ్చేశాం" అని గొట్టంలోంచి వినిపించింది. తలుపు తెరుచుకోగానే నేల వాలు ప్రకారం ఇన్‌స్పెక్టరుగారు బయటికి దొర్లారు. లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, గట్టిగా గాలి పీల్చి, "ఊరి గాలి వేరు, ఈ గాలి వేరు" అన్నారు. మురిక్కాలవ మూడడుగుల దూరంలో ఉంది. తర్వాత సరస్సు కోసం చూస్తే చెంబు నీళ్ల మడుగు కనపడింది.

"నీటిమట్టం బొత్తిగా పడిపోయింది. నిర్వహణ లోపం."

తలెత్తి చూశారు. "ఇక్కడ కూడా ఎవడో ప్రబుద్ధుడు బాల్కనీ రోడ్డు మీదకి లాగాడు. అచ్చం మన దర్జీ చేసిన తప్పే."

"అది నాదేనండీ" అన్నాడు దర్జీ.

సరిగ్గా అప్పుడే వెనక బంపరు లేని కారు వీధి మొగలో తిరిగింది. భార్య దిగింది. చెంపలకు ఎండ తగిలి, చెప్పులకు ఇసక అంటి ఉంది.

"మీరు వెనకాల లేరని అక్కడికెళ్లాక తెలిసింది" అంది ఆవిడ. "నీళ్లు చూస్తూ కూర్చున్నాను. బాగున్నాయి. బాగులేవని ఎవరూ అనలేదు."

"వెంటనే వెనక్కి వద్దామంటే, అక్కేమో ఇంకాసేపు, ఇంకాసేపు అంది బావా" అన్నాడు బావమరిది.

ఆవిడ వంగి, టైలు ఒకటి పైకి లేపి చూసింది. "ఏమండీ, చక్రాలకి పునాది వేశారా?"

"చెయ్యి వేస్తే కదిలిందే మరి" అన్నారాయన, చిన్న గొంతుతో.

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి రసమట్టం తీసి ఆ చేతిలో పెట్టి, తెరవబోయిన నోరు మూసుకున్నారు. వీధికి స్వాతంత్ర్యం వచ్చింది.

ఆ సంబరం, తెప్పించుకున్న టీలు చల్లారేంత సేపు నిలిచింది. దర్జీ వంగి పునాదిలోకి చూసి, "కంకర ఎక్కువ పడినట్టుంది" అన్నాడు. తలుపు అటువైపు ఉండాల్సిందని కండక్టరు అన్నాడు. గొట్టం వంకర అని బావమరిది, రంగు ఏమిటో అదో రకం అని చెంబు ఇల్లాలు. ఒక్కొక్కరి ముఖంలో ఎన్నడూ లేని కళ వచ్చింది. బండి వంకలు అయిపోయాక కండక్టరు గేటు వంక తేలింది. కండక్టరు తిరిగి దర్జీ కుట్టిన ప్యాంటులో ఒక కాలు పొట్టి అని నిరూపించాడు. వారం తిరిగేలోగా బజారులో రసమట్టాలకు కరువొచ్చింది. ప్రతి జేబులోనూ ఒక బుడగ అటూ ఇటూ జరుగుతోంది.

ఇన్‌స్పెక్టరుగారు మాత్రం కదలని బండి గుమ్మంలో కూర్చుని, ఇచ్చిన టీ తాగుతూ, ఎవరినీ ఏమీ అనకుండా ఉన్నారు. ఇది వీధికి మింగుడుపడలేదు. "ఏం పొగరో చూశావా, ఇంతమంది ఇన్ని తప్పులు చేస్తుంటే ఒక్క మాటైనా అనడే" అన్నారు. "మనం ఆయన కంటికి ఆనుతున్నామా?" అన్నారు. చివరికి వీధి సర్వసభ్య సమావేశం జరిపి, వంక పెట్టకపోవడం సమాజాన్ని అవమానించడమేనని తీర్మానించి, సంజాయిషీ కోరింది. నోరెత్తే హక్కు లేదు కనుక ఆయన జవాబు చెప్పలేదు. జవాబు చెప్పలేదు కనుక నేరం రుజువైంది.

మీరు అలాంటివారు కారని నాకు తెలుసు. బంపరు ఊడితే కారు తోలేవాడికి తెలియదా, చక్రాలు గుంటలో దిగితే ఇంటావిడ చూడదా అని మధ్యలో ఒకటి రెండు చోట్ల ముక్కు విరిచారు, అంతే కదా. పర్వాలేదు. ఆ వీధిలో ఒక వాటా అద్దెకు ఖాళీగా ఉంది. మీలాంటివారికైతే అడ్వాన్సు కూడా అక్కర్లేదంటున్నారు.