గోడ అవతలి యాభై మీటర్లు

ఉత్తర డకోటాలోని ఎల్క్ ఫోర్క్ అనే చిన్న ఊరు, తమ బడి పిల్ల బ్రిటా రోస్టాడ్ వంద మీటర్ల పరుగులో రాష్ట్ర రికార్డును బద్దలు కొట్టిందని ఫిబ్రవరి నెలలో సగౌరవంగా ప్రకటించింది. అప్పటికి బ్రిటా వంద మీటర్లు ఎన్నడూ పరుగెత్తలేదు. ఆ చిన్న లోపం ప్రకటనకు అడ్డు రాదని ఊరి పెద్దలు ముందే తేల్చేశారు.

ఇందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. ఎల్క్ ఫోర్క్‌లో పరుగుపందేల ట్రాక్ ఉంది గానీ ఏప్రిల్ దాకా అది మంచు కింద, ఆ పైన బురదలో ఉంటుంది; బురద ఆరేసరికి బడికి సెలవులిచ్చేస్తారు. అందుకని పిల్లలు బడి వరండాలోనే పరుగెత్తుతారు. లైబ్రరీ గుమ్మం దగ్గర బయల్దేరితే యాభై మీటర్లకు క్యాంటీన్ గోడ వస్తుంది. గుద్దుకుని ముక్కులు పగలకుండా అక్కడ కుస్తీ పరుపులు నిలబెట్టి కట్టారు. చేతులు ముందుకు చాచి పరుపును గుద్దడంతో ఎల్క్ ఫోర్క్‌లో ప్రతి పరుగూ ముగుస్తుంది.

మిగతా యాభై మీటర్లూ కోచ్ ఓరిన్ లుండీన్ గారు పరుగెత్తేవారు, కాగితం మీద. పరుపును గుద్దే క్షణంలో పిల్ల ఎంత వేగంగా ఉందో చూసి, ఆ వేగాన్ని అలాగే గోడలోంచి అవతలికి పంపించేవారు. ఆయన లెక్కలో మంచుకు మినహాయింపు ఉంది, నున్నటి నేలకు మినహాయింపు ఉంది, పరుగు కొలిచే గడియారం నొక్కడంలో జరిగే ఆలస్యానికీ మినహాయింపు ఉంది. అలసటకు మాత్రం చోటు లేదు. ఎందుకు లేదని ఎవరో అడిగితే ఆయన నొచ్చుకున్నారు.

"మన ఊరి పిల్లలు అలసిపోతారంటావా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు!"

ఊళ్లోకి వచ్చే దారిలో పెద్ద బోర్డు వెలిసింది. దాని మీద పరుపు వైపు దూసుకుపోతున్న బ్రిటా బొమ్మ వేసి, మర్యాద కోసం పరుపును తీసేశారు. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. లుండీన్ గారి పద్ధతిలోని సౌలభ్యం అందరికీ తెలిసొచ్చింది. మేయర్ గ్లాడిస్ హౌగెన్ గారు, మోకాలి లోతు తవ్వి వదిలేసిన ఈతకొలనును, మొదటి రోజు తవ్విన వేగం ప్రకారం పూర్తయినట్టు లెక్కించి రిబ్బను కత్తిరించారు. పాస్టరు గారు మంచు తుఫానులో ప్రార్థనకు వచ్చిన ఒక్కొక్కరినీ వసంతకాలంలో వచ్చే పదిమందితో సమానంగా లెక్కగట్టి, కుర్చీలు చాలడం లేదని వాపోయారు. పెళ్లయిన మూడు వారాల దాకా పోట్లాడుకోని ఒక జంటకు స్వర్ణోత్సవ సన్మానం జరిగింది. ఇంటికెళ్లే దారిలో సన్మానంలో ఇచ్చిన శాలువా ఎవరు కప్పుకోవాలన్న విషయమై వాళ్లు పోట్లాడుకున్నారట. అది లెక్కలోకి రాదు, గోడ అవతలి సంగతి కాబట్టి.

బ్రిటాకు మొదట్లో సరదాగానే ఉండేది. కిరాణా కొట్టులో చాక్లెట్లు ఊరికే ఇస్తుంటే ఎవరికి చేదు? కానీ రోజులు గడిచేకొద్దీ ఆమె మనసును ఒక పురుగు తొలచడం మొదలుపెట్టింది. ప్రతిసారీ కాళ్లు సరిగ్గా వేగం అందుకునే వేళకు పరుపు ఎదురొచ్చేది. ఆ గోడే లేకపోతే తానేం చేయగలదు? ఊరందరికీ తెలిసిన ఆ జవాబు తనకొక్కదానికే తెలియకపోవడం ఆమెకు భరించరానిదైంది.

"కోచ్ గారూ, మే నెలలో మైనాట్ పట్నంలో పోటీలున్నాయట. ఎవరైనా పరుగెత్తొచ్చట. వెళ్దామా?"

"ఎందుకు తల్లీ? గెలిచేశావుగా!"

"పరుగెత్తలేదు కదండీ."

"పరుగెత్తినవాళ్లంతా గెలిచారా ఏంటి? చెప్పు!"

బ్రిటా పట్టు వదల్లేదు. విషయం పెద్దదై చర్చి కింది హాలులో సభ పెట్టారు. అందరూ బంగాళాదుంపలతో ఓవెన్‌లో వండే హాట్‌డిష్ తిని, పల్చటి కాఫీ తాగాక మేయరమ్మ లేచారు.

"మిత్రులారా! మన తాతలు నార్వే వదిలి వచ్చి, ఈ చలిలో గోధుమలు పండించింది ఎందుకు? చేతికొచ్చిన రికార్డును తీసుకెళ్లి ఎండలో, గాలిలో, పరాయి ఊరి గడియారం ముందు పెట్టడానికా? రికార్డులు సున్నితమైనవి. పరుగెత్తితే పాడవుతాయి. ఊరి గౌరవం కోసం బ్రిటా ఇంట్లో కూర్చుంటుందని, అంతకంటే వేగంగా ఎవరూ కూర్చోలేరని నా నమ్మకం!"

చప్పట్లు మోగాయి. తీర్మానం నెగ్గింది. ముందు వరసలో ఎత్తిన చేతుల వేగం ప్రకారం ఏకగ్రీవమని రాసుకున్నారు.

బ్రిటా తండ్రి హాకన్ చేయి ఎత్తలేదు. ఆయన మాటల మనిషి కాదు. పంట బాగా పండినా, పిల్ల పుట్టినా 'ఫర్వాలేదు' అనేవాడు. ఆ ప్రాంతంలో అంతకు మించిన పొగడ్త లేదు. ఇంటికి వెళ్లే దారిలో ట్రక్కు నడుపుతూ నోరు విప్పాడు.

"గోడ లేకుండా ఉరకాలనుందా?"

"ఉంది నాన్నా."

"అయితే ఎవరికీ చెప్పకు. ఆ రోజు పొద్దున్నే పోదాం."

మైనాట్‌లో పందెం తుపాకీ పేలింది. సగం దాకా బ్రిటాయే అందరికంటే ముందు. సరిగ్గా క్యాంటీన్ గోడ ఉండాల్సిన చోటికి వచ్చేసరికి, ఎన్నో చలికాలాలుగా నేర్చుకున్న చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి. గుద్దుకోవడానికి పరుపు లేదు. ఒంట్లో బిగువు తప్పి ఆమె తూలిపోయింది. ముగ్గురు ఆమెను దాటిపోయారు. నిలదొక్కుకుని మళ్లీ ఉరికింది. డెబ్భై మీటర్ల దగ్గర లుండీన్ గారి లెక్కలో లేని ఆ వస్తువు ఎదురైంది. తొడలు బరువెక్కాయి, ఛాతీ మండింది. ఇంకో ఇద్దరు దాటారు. ఆరో స్థానంలో గీత దాటి బ్రిటా గడ్డి మీద వెల్లకిలా పడి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. గోడ అవతల ఏముందో చూసి వచ్చిన సంతోషం అది.

"ఫర్వాలేదు," అన్నాడు హాకన్. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

ఊళ్లో ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఆరో స్థానంలో వచ్చాను. డెబ్భై మీటర్ల దగ్గర అలసిపోయాను." అలసిపోయానన్న మాట వినగానే పాస్టరు గారు తల దించుకున్నారు. కిరాణా కొట్టులో చాక్లెట్లు ఆగిపోయాయి. ఊరి పెద్దలు మళ్లీ కూర్చుని, ఎంతో దయతో, ఎల్క్ ఫోర్క్‌లో ఇద్దరు బ్రిటాలు ఉన్నారని తీర్మానించారు. బోర్డు మీది బ్రిటా రికార్డు పదిలంగా ఉంటుంది. రెండో బ్రిటా ఇక్కడే ఉండవచ్చు, చదువుకోవచ్చు, అయితే పొరుగూరివాళ్లు బోర్డు దగ్గర ఫోటోలు దిగుతున్నప్పుడు ఆ వైపు రాకుండా సహకరించాలి.

ఆమె సహకరించింది. మంచు కరిగి, బురద ఆరిన ట్రాక్ మీద సాయంత్రాలు ఒంటరిగా పరుగెత్తుకునేది. ఒక సాయంత్రం లుండీన్ గారు వచ్చారు. టోపీ కళ్ల మీదికి లాక్కుని, రోడ్డు వైపు రెండుసార్లు చూసుకుని, గడియారం ఆమె చేతిలో పెట్టారు.

"నేనూ ఎప్పుడూ వంద మీటర్లు ఉరకలేదమ్మా. ఒక్కసారి టైము చూడవూ? ఎవరికీ చెప్పకు."

సగంలో ఆయన చేతులు కూడా చాచుకున్నాయి. అయినా ఆగకుండా పరుగెత్తి, రొప్పుతూ, ఒంగి మోకాళ్లు పట్టుకున్నారు. ఎంతసేపు పట్టిందో బ్రిటా చెప్పింది. ఆయన ముఖం పసిపిల్లాడి ముఖంలా వెలిగింది. ఆ వెలుగు మూడు శ్వాసల పాటు నిలిచింది.

"గాలి ఎదురుగా ఉంది కదూ," అన్నారు తర్వాత. "బూట్లు కూడా పాతవి. ఆ రెండూ లెక్కలోంచి తీసేస్తే..."

బ్రిటా గడియారాన్ని వెనక్కి సున్నాకు తిప్పి పట్టుకుంది. ఇప్పటికీ సాయంత్రాలు అక్కడే ఉంటుందట, అడిగినవాళ్లకు టైము చూసి పెడుతుందట. పరీక్ష రోజున జ్వరం రాకపోయి ఉంటే మీకెన్ని మార్కులు వచ్చేవో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంటారు కదా, వీలు చూసుకుని మీరూ ఒకసారి వెళ్లి రండి. ట్రాక్ ఖాళీగానే ఉంటుంది.