సుఖానికి భర్త సంతకం

మనిషికి వెన్నెముక ఉన్నది ప్రధానంగా మెట్లెక్కడానికేనని వెన్నెముకల విభాగం ఎప్పుడో తేల్చేసింది, లేకపోతే ముప్పై ఎనిమిది ప్రశ్నల ఫారంలో మెట్లకే ఆరు ఎందుకిస్తారు, అనుకుంటోంది టైలరమ్మ, ఆసుపత్రి వరండాలో. నడుం దిగువన నలిగిపోయిన నరాలకు ఆపరేషన్ జరిగి ఏడు నెలలు. నడక వచ్చింది. మిషను తొక్కడం వచ్చింది. తొడల మధ్య మాత్రం, మందపాటి కోటు మీద నుంచి ఎవరో ఎవరినో తాకుతున్నట్టుంది. (ఆ కోటు తను కుట్టింది కాదు, కుట్టి ఉంటే విప్పడమూ తెలిసేది.)

ముప్పై ఏడో ప్రశ్న: దాంపత్య సుఖం ఎలా ఉన్నది? కింద నిబంధన: మగ రోగి తానే చెప్పవలెను. ఆడ రోగి విషయంలో భర్త చెప్పి సంతకం చేయవలెను. (భర్త లేనివారు తర్వాతి ప్రశ్నకు వెళ్ళవలెను. అది మళ్ళీ మెట్ల గురించే.)

గుమాస్తా ఆమె భర్తను పిలిచాడు. "పదికి ఎంత వేయమంటారు సార్?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "బాగానే ఉందండీ... తొమ్మిది వేసుకోండి."

తొమ్మిది! ఆమెకు గర్వం లాంటిదేదో కలిగింది. ఆయన చిన్నబుచ్చుకుంటాడని నాలుగు నెలలుగా పక్క మీద సరైన చోట నిట్టూరుస్తూ వస్తోంది. ఒకసారైతే కంగారులో, ఆయన కళ్ళజోడు తీయకముందే నిట్టూర్చేసింది.

"ఆపరేషన్ నాకు కదండీ అయింది?" అంది గుమాస్తాతో.

"ఇద్దరిదీ ఒకటే ఫైలమ్మా," అన్నాడతను ఓదార్పుగా. "అయినా తొమ్మిదంటే మాటలా! మా ఇంట్లో నాలుగు దాటదు."

"మీ ఇంట్లో ఎవర్ని అడిగారు?"

"నన్నే."

తొమ్మిది వచ్చినవారిని కోలుకున్నవారిగా ప్రకటించి ఫైలు మూసేస్తారు. ఇక పిలవరు. ఇవాళ అడగకపోతే ఆ కోటు జన్మంతా ఒంటి మీదే.

భర్త బయట కూర్చున్నాడు. లోపల డాక్టరుగారు ఫైలు మీద కొట్టే ముద్ర పైకెత్తి, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు. (ఇది ప్రశ్న కాదు, వీడ్కోలు.)

"ఉంది డాక్టరుగారూ. ఆ తొమ్మిది ఆయనవి. నావి సున్నా. కింద స్పర్శ తెలియట్లేదు. కోరిక మాత్రం మునుపటిలాగే ఉంది. సుఖం తిరిగొస్తుందా? రాకపోతే ఇంకో దారేమైనా ఉందా?"

ముద్ర గాల్లోనే ఆగింది. ఆమె సున్నా రాసే గడి కోసం డాక్టరుగారు ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇలాంటివి... మీవారిని లోపలికి పిలవండమ్మా, మాట్లాడదాం."

ఆమె లేచి వెళ్ళి, తలుపు గడియ వేసి వచ్చి కూర్చుంది.