ఓడిపోవడానికి కొన్న బంతులు

ఆదివారం పొద్దున్న గవర్రాజు పెట్టుకున్న పని ఒక్కటే: గోల్ఫులో తన ఆఫీసరు ఉదయ్‌కుమార్ చేతిలో పద్ధతిగా ఓడిపోవడం. ఓడల్లోంచి సరుకు దింపించే కంపెనీ వాళ్లది. గవర్రాజుని దూరాన ఉన్న పారాదీప్ రేవుకి బదిలీ చేసే కాగితం ఆఫీసరు సంతకం కోసం బల్లమీద ఉంది. ఇంట్లో భార్య నీలిమకి ఏడో నెల. ఆమెను వదిలి వెళ్లాలంటే అతనికి ముద్ద దిగడం లేదు. ఆటలో గెలిచిన రోజు ఉదయ్‌కుమార్ ఏదడిగినా కాదనడని ఆఫీసంతా ఎరిగిన సంగతే.

రెండేళ్లుగా ఆయన వెంట తిరిగి గవర్రాజుకి ఆట బాగానే అబ్బింది. అదే ఇప్పుడు భయం. అందుకని జగదాంబ సెంటర్లో ఆటసామాన్ల కొట్లో ఏరికోరి చవక బంతులు కొన్నాడు. లోపల గట్టి రబ్బరు, పైన గట్టి తొడుగు, అంతే. కొడితే దూరం పోతాయి గానీ, బంతి వెయ్యాల్సిన గుంటలో పాతిన జెండా దగ్గర పడ్డాక ఆగవు, దొర్లుకుంటూ తుప్పల్లోకి పోతాయి. కావాలని ఓడుతున్నాడంటే నీలిమ చిన్నబుచ్చుకుంటుందని ఆమెకి చెప్పలేదు.

నీలిమ జాలరిపేటలో మొప్పలెత్తి చూడందే చేప కొనని మనిషి. ఆ బంతుల్ని గోటితో నొక్కి చూసి, పాపం అమాయకుడికి రాళ్లు అంటగట్టారనుకుంది. శనివారం సాయంత్రమే కొట్టుకు వెళ్లి దెబ్బలాడి, మూడు పొరల బంతులు, మెత్తటి తొడుగువి మార్పించుకుంది. ఇవి గడ్డిని పట్టుకుని పడ్డచోటే ఆగుతాయని, ఒక్కోసారి వెనక్కి కూడా వస్తాయని కొట్టతను చెప్పాడు. మొగుడి మనసు నొచ్చుకోకూడదని పాత పెట్టెలోనే సర్దేసింది. పైకి అన్ని బంతులూ ఒకేలా ఉంటాయి.

ఆదివారం మైదానంలో మొదటి దెబ్బలు ఇద్దరివీ బాగానే పడ్డాయి. తర్వాత గవర్రాజు కావాలని జెండా దాటించి కొట్టాడు. బంతి పడింది, ఆగింది, వెనక్కి పాకి జెండా పక్కన చేరింది. ఉదయ్‌కుమార్ మెచ్చుకున్నాడు. మరో జెండాకి ఇంకాస్త దాటించాడు. అదీ బుద్ధిగా వెనక్కి వచ్చింది. ఈసారి మెచ్చుకోలు లేదు. ఆపైన గవర్రాజు క్షమాపణలు చెప్పుకుంటూ గెలుస్తూ పోయాడు. చివరికి ఆఫీసరు మొహం కందగడ్డలా చేసుకుని కారెక్కాడు.

ఇంటికొచ్చి కూలబడితే నీలిమ మజ్జిగ అందించింది.

"గెలిసీసేరా? కొట్టోడు మిమ్మల్ని మోసం సేసీసేడండి. నానెల్లి మార్పించీసేను. సెప్తే మీరు సిన్నబోతారని సెప్పలేదు."

గవర్రాజుకి కోపం రావాలి. రాలేదు. ఇలాంటి మనిషిని వదిలి ఎలా ఉండాలా అనుకున్నాడు. అసలు సంగతి చెప్పాడు. ఆమె చాలాసేపు అతని చెయ్యి వదల్లేదు. ఆనక ఇద్దరూ కళ్లు తుడుచుకుని, ప్రయాణానికి అతని బట్టలు సర్దడానికి అటకమీది పెట్టె దింపారు.

అప్పుడు ఫోన్ మోగింది. ఉదయ్‌కుమార్.

"ఆ బదిలీ కాగితం చింపేశానయ్యా. నిన్ను ఓడించేదాకా ఊరు దాటనిచ్చేది లేదు. వచ్చే ఆదివారం రా."

బిడ్డకి అన్నప్రాసన అయ్యేదాకా ఓడిపోవడానికి వీల్లేదని నీలిమ తేల్చి చెప్పింది.