బర్కతున్న సూది డబ్బా

మందుల ధరలు తగ్గించాలని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎందుకు తగ్గించాలండీ? చవకగా దొరికే వస్తువుకు ఈ దేశంలో ఎన్నడైనా మర్యాద దక్కిందా? పారాసెటమాల్ గోలీనే చూడండి. చొక్కా జేబులో, పోపుల డబ్బా వెనక, పిల్లల కంపాస్ బాక్సులో దొర్లుతూ ఉంటుంది. పాపం, దాన్ని పలకరించే దిక్కు లేదు.

అదే మా ఇబ్రహీంపట్నం రేణుక ఇంట్లో సూది సంగతి చూడండి. దానికి ఫ్రిజ్జులో సొంతంగా ఒక అర ఉంది!

రేణుక బస్టాండు వెనక సందులో జాకెట్లు కుడుతుంది. భర్త ధర్మేందర్ పెద్ద అంబర్‌పేట్ గోదాముల దగ్గర ట్రాలీ ఆటో నడుపుతాడు. అత్త మాణిక్యమ్మ వాళ్లిద్దరినీ నడుపుతుంది. రెండేళ్ల కిందట రేణుకకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఎలుక కరెంటు వైరు మీది తొడుగు కొరికినట్టు, మన ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల మీది పొరను కొరుక్కుతింటుందట. ఒకసారి కన్ను మసకబారుతుంది, ఇంకోసారి కాలు మొద్దుబారుతుంది. కొన్నాళ్లకు ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ చెప్పదు. అది రాకుండా ఉండాలంటే వారానికొక సూది వేసుకోవాలి. నాలుగు సూదుల డబ్బా ఒకటి కొంటే, ధర్మేందర్ నెలంతా తోలిన కిరాయి అందులోకే పోతుంది.

అయ్యో పాపం అంటున్నారా? ఆగండి, ఆ ధర వల్ల ఆ ఇంటికి కలిగిన లాభాలు వినండి!

మొదటిది క్రమశిక్షణ. ఒకప్పుడు ఆ ఫ్రిజ్జులో నిన్నటి కూర, మొన్నటి పెరుగు, ఏనాటిదో తెలియని దోసెపిండి కలిసి కాపురం చేసేవి. ఇప్పుడు పై అర మొత్తం సూది డబ్బాది. మాణిక్యమ్మ చేతులు కడుక్కోనిదే తలుపు ముట్టదు, ముట్టనివ్వదు. కరెంటు పోయిందా, డబ్బాను కొంగులో చుట్టుకుని పక్కింటి పరశురాం ఇంటికి పరుగు తీస్తుంది, వాళ్లకు ఇన్వర్టర్ ఉంది కాబట్టి. దారిలో జనం పక్కకు తప్పుకుంటారు. బాలాపూర్ గణపతి లడ్డూను వేలంలో పాడుకున్నవాడు కూడా అంత గంభీరంగా నడిచి ఉండడు.

రెండోది సంసార సుఖం. ఆదివారం వచ్చిందంటే బారు ముందు బండి ఆపే ధర్మేందర్, ఇప్పుడు అటువైపు తల కూడా తిప్పడు. పెళ్లాం ఏడ్చి మొత్తుకున్నా మారని మొగుడిని మెడికల్ షాపు బిల్లు మార్చింది! ఇంత పుణ్యం కట్టుకున్న ధరను తగ్గించమంటారా? మీకు ఆడవాళ్ల మీద జాలి లేదా?

మూడోది విజ్ఞానం. సందు సందంతా వైద్యులే అయిపోయారు. ఒకరు మెంతులు నానబెట్టి తాగమన్నారు. ఒకరు నల్లేరు పచ్చడి తినమన్నారు. ఇంకొకావిడ మిషన్ తొక్కడం మానమంది, ఆమె జాకెట్టు మాత్రం శుక్రవారానికల్లా కావాలంది. ఈ సలహాలన్నీ ఉచితం. దేశంలో వైద్యం ఖరీదైపోయిందని ఎవరండీ అన్నది?

అసలైన సలహా పరశురాం ఇచ్చాడు.

“వదినా, వికలాంగుల సర్టిఫికెట్ చేయించుకో. గీ బీమారి గుడ లిస్టుల ఉన్నదంట. నెలనెలా పింఛన్ వస్తది. ఒక్క సూదికైన ఆసరైతది గద!”

మాణిక్యమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక పెద్ద చిక్కు ఉంది. ఆ ఖరీదైన సూది, తన ఖరీదుకు తగ్గట్టే, బ్రహ్మాండంగా పనిచేస్తోంది! రేణుక చక్కగా నడుస్తోంది. నీళ్ల బిందె కూడా మోస్తోంది.

“గట్ల దబదబ నడిస్తె సర్టిఫికెట్ ఎవలిస్తరే? జర కుంటు బిడ్డా!” అంది అత్త.

“రాని కుంటు ఏడికెల్లి తేవాలె అత్తమ్మా?”

“నేర్చుకోవాలె. నేను సూపిస్త, సూడు.”

అరవై దాటిన మాణిక్యమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, సందు ఈ చివర నుంచి ఆ చివరకు అద్భుతంగా కుంటి చూపించింది. సాయంత్రమయ్యేసరికి కుర్చీలు బయటికొచ్చాయి. రేణుక కుంటుతుంటే ఒకరు కాలు ఇంకా ఈడ్వాలన్నారు. ఒకరు ముఖంలో బాధ చాలదన్నారు. పరశురాం ఫోన్లో వీడియో తీసి, “వదినా, పోయేటప్పుడు ఎడమ కాలు కుంటినవ్, వచ్చేటప్పుడు కుడికాలు కుంటుతున్నవ్, గిట్లైతే దొరికిపోతం” అన్నాడు. సందంతా పడీపడీ నవ్వింది. రేణుక కూడా నవ్వింది.

కానీ ఆమెకు జబ్బు పేరు తేలకముందు ఒక ఎండాకాలం ఎడమ కాలు నిజంగానే మొద్దుబారి, గోడ పట్టుకుని బాత్రూం దాకా పోయినప్పుడు ఒక్కరూ కుర్చీ వేసుకుని చూడలేదు. ఎండలకు అందరికీ అట్లాగే ఉంటుందని తేల్చేశారు. నిజం కుంటుకు లేని ప్రేక్షకులు దొంగ కుంటుకు వచ్చారని ఆమెకు ఉక్రోషం. నన్నడిగితే ఇది కూడా లాభమే, ఈ రోజుల్లో పైసా ఖర్చు లేకుండా నటనలో శిక్షణ ఎవరిస్తారు చెప్పండి!

వికలాంగుల సర్టిఫికెట్లిచ్చే క్యాంపు రోజు వచ్చింది. వరుసలో రేణుక కంటే ముందున్న ఒకాయన చేతుల మీద దేక్కుంటూ డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన్ను చూశాక రేణుక నేర్చుకున్న విద్యంతా మరిచిపోయింది. నడువమ్మా అనగానే తిన్నగా నడిచింది. తలుపు దగ్గర మాణిక్యమ్మ నెత్తి కొట్టుకుంది.

“కాళ్లు మంచిగనే ఉన్నయ్ గదమ్మా. సర్టిఫికెట్‌కు కావాల్సిన వైకల్యం శాతం రాదు” అన్నాడు డాక్టరు.

“సూది ఏసుకుంటున్న గాబట్టి మంచిగున్నయ్ సార్.”

“మరి ఏసుకో. ఆపితే నడక పోతది.”

“కొననీకె పైసలు సాలుతలేవు సార్. గందుకే వచ్చిన.”

“నడక పోయినంక రా. అప్పుడు శాతం వస్తది, పింఛన్ వస్తది.”

“గా పింఛన్ పైసలతోని సూది ఏసుకుంటె మల్ల నడుస్త గద సార్? అప్పుడో?”

డాక్టరు చెడ్డవాడేం కాదు. పెన్ను పక్కన పెట్టి నిజంగానే ఆలోచించాడు. ఆయనకిచ్చిన కాగితంలో ఆ ప్రశ్నకు గడి లేదు. తర్వాతి వాళ్లను పిలిచాడు.

మీరు దీన్ని అన్యాయం అంటారు, నాకు తెలుసు. నేను మాత్రం దూరదృష్టి అంటాను. ఎందుకంటే ఆ తర్వాతే అసలు అద్భుతం జరిగింది. మందు ఖర్చు తగ్గింది!

అవునండీ, సగానికి సగం తగ్గింది. కంపెనీ ధర తగ్గించలేదు. సర్కారు పైసా ఇవ్వలేదు. నెల తిరిగినా డబ్బాలో సూదులు ఇంకా ఉన్నాయి, అంతే. మాణిక్యమ్మ ఫ్రిజ్జు ముందు అగర్‌బత్తి వెలిగించింది.

“ఈ పారి డబ్బ మంచి బర్కతున్నది కొడుకా! ఎంత వాడినా ఒడుస్తలేదు” అని ధర్మేందర్‌తో మురిసిపోయింది. షాపువాడు ఇన్నాళ్లూ తక్కువ సూదుల డబ్బాలిచ్చి మోసం చేశాడని తిట్టిపోసింది. మిగిలిన డబ్బుతో ధర్మేందర్ ట్రాలీకి టైర్లు మార్పించాడు. చూశారా, రవాణా రంగం కూడా బాగుపడింది!

రేణుక ఒక వారం సూది వేసుకుంది. ఒక వారం వేసుకున్నానంది.

మొన్న పొద్దున మాణిక్యమ్మ, పరశురాం గడప దగ్గర కూర్చున్నారు. రేణుక చాయ్ పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. ఎడమ కాలు నేలను రాసుకుంటూ వస్తోంది. ముఖంలో బాధ కూడా సరిగ్గా కుదిరింది. మాణిక్యమ్మ చప్పట్లు కొట్టింది.

“గిట్ల! గిట్ల కుంటాలె బిడ్డా! ఆనాడు గింత మంచిగ కుంటితె ఎన్నడో సర్టిఫికెట్ చేతికొస్తుండె!”

రేణుక ఒక చేత్తో గోడ పట్టుకుంది. చాయ్ నేల మీద ఒలికింది.

“నేను కుంటుతలేను అత్తమ్మా. కాలు వస్తలేదు.”

మాణిక్యమ్మ లేచి వెళ్లి ఫ్రిజ్జు తెరిచింది. డబ్బాలో సూదులు అట్లాగే ఉన్నాయి. చేతులు కడుక్కోలేదు. చల్లదనం పోతుందని ఎవరి మీదా అరవలేదు. తలుపు తెరిచిపెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

వచ్చే నెల మళ్లీ క్యాంపు ఉందట. ఈసారి రేణుకకు శాతం తప్పకుండా వస్తుంది. రిహార్సల్ కూడా అక్కర్లేదు.

ఇంతకూ, మందుల ధరలు తగ్గించాలని గోల పెట్టేవాళ్లు ఎక్కడున్నారండీ? ఇందాక మిమ్మల్ని తిట్టాను, మనసులో పెట్టుకోకండి. జర గట్టిగా అరవండి. మాణిక్యమ్మ కూడా వస్తానంటోంది.